మోటారు విప్పాక

వరద రెండోసారి వచ్చిన ఏడు జరిగింది ఇది. మొదటి వరద మనుషుల్ని భయపెట్టి పోయింది. రెండోది మనుషుల జోలికి రాలేదు, మోటార్ల జోలికి వచ్చింది. ఆ వీధిలో ఇంటింటికీ మెట్ల కింద ఒక గూడు, గూట్లో నీళ్ల మోటారు, మేడ మీద టాంకు ఉంటాయి. బురదనీళ్లు వచ్చి ఆ గూళ్లలో దూరి, పిలవని చుట్టాల్లా తిష్ఠ వేసి, తీరిగ్గా లేచి పోయాయి. పోయాక చూసుకుంటే వీధి పొడుగునా ఒక్క మోటారూ తిరగలేదు. మొలలోతు నీళ్లు వచ్చి పోయిన ఇళ్లలో కొళాయి తిప్పితే చుక్క రాలేదు.

ఆ వీధికంతటికీ మోటార్లు బాగుచేసేవాడు ఒక్కడే. అందరూ అతన్ని మెకానిక్ అనే పిలిచేవాళ్లు. పెళ్లాం కూడా కోపం వస్తే అలాగే పిలిచేది. పనిమంతుడు. దూరంనుంచి చెవి ఒగ్గి వింటే చాలు, ఆ తిరిగే మోటారు ఎవరింటిదో, దాని బేరింగు అరుస్తోందో, తీగ వేడెక్కుతోందో చెప్పేసేవాడు. చెవి అంత మంచిది. నోటితోనే వచ్చింది చిక్కంతా.

అతను దేవుణ్ణి నమ్ముకున్నవాడు. పెళ్లయిన కొత్తలో తాగుడు మరిగి, చెయ్యి వణికి, పానా పట్టుకోలేని రోజుల్లో నమ్ముకున్నాడు. వణుకు ఆగింది. అంత మేలు పొందినవాడు ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవాలనుకుంటే తప్పు పట్టేదేముంది? అయితే అతను ఆ సంగతి ఒక్కటే ఎవరికీ చెప్పేవాడు కాదు. అది చెప్తే పరువు పోతుంది. దాని బదులు ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాడు.

ఉపన్యాసం ఉంటే సరిపోదు, వినేవాళ్లు కూడా ఉండాలి. వీధి మొగలో నిలబడి చెప్తే జనం పక్కసందులోంచి తప్పుకుపోయారు. తలుపు తట్టి చెప్తే పాలు పొంగుతున్నాయన్నారు. పాలు లేని ఇంట్లో కూడా పొంగాయి. వరద వచ్చాక అతనికి దారి దొరికింది. ముందు మోటారు విప్పేవాడు. మూత తీసి, షాఫ్టు లాగి, రెక్కలు ఒక పక్క, బేరింగులు ఒక పక్క, బోల్టులన్నీ ఒక రేకు మూతలో పోసి, గోనెసంచి మీద వరసగా పరిచేవాడు. అప్పుడు గుడ్డతో చేతులు తుడుచుకుని, ఇంటివాళ్ల మొహంలోకి చూసి, మనిషి కూడా ఇలాంటివాడే అని మొదలుపెట్టేవాడు.

పైపైన రంగు బాగుంటుంది, లోపలంతా బురద. పైన గుడ్డతో తుడిస్తే పోదు. విప్పాలి, కడగాలి, ఎండబెట్టాలి. ఇంత చేసినా అది తనంతట తాను తిరగదు, కరెంటు పైనుంచి రావాలి. ఇదీ ఉపన్యాసం. చివర్లో జీవజలం గురించి కొంత ఉండేది. గొంతు తడుపుకోవడానికి నీళ్లు లేని ఇంట్లో కూర్చుని, జీవజలం గురించి కళ్లు మూసుకుని చెప్పేవాడు.

ఇంట్లో మోటారు ముక్కలై పడి ఉంటే ఎవరు మాత్రం లేచి పోగలరు? మెకానిక్ అలిగితే ఆ ముక్కల్ని అక్కడే వదిలి నడిచిపోతాడు. అందుకని అందరూ విన్నారు. వింటూ తల ఊపారు. ఊపినవాళ్ల మోటారు ఆ సాయంత్రానికే తిరిగింది. ఊపనివాళ్లది నాలుగు రోజులు ఆలస్యమైంది. అతను కావాలని చేశాడని కాదు. మనసు సిద్ధంగా ఉన్న ఇంటికి ముందు వెళ్లాలని అతనికి అనిపించేది, అంతే. అనిపించినదాన్ని దేవుడి ఖాతాలో వేసేవాడు.

అతనికి అంత ఆత్రం దేనికంటే, కుర్చీ కోసం. వీధి చివర వాళ్ల ప్రార్థన హాలు ఉంది. హాల్లో వేదిక మీద పాస్టరుగారి పక్కన సంఘపెద్దల కుర్చీలు ఉంటాయి. వాటిలో ఒకటి ఖాళీ అయింది. అందులో కూర్చున్న పెద్దాయన వరదకు ముందే, ఎవరికీ శ్రమ లేకుండా, నిద్రలో పోయాడు. ఎత్తు వీపు కుర్చీ, చేతులకు నగిషీ, కూర్చునే చోట ఎర్ర దిండు. మెకానిక్ ప్రతి ఆదివారం పాట పాడుతూ ఆ దిండు వంకే చూసేవాడు. జీవితమంతా గోనెసంచి మీద గొంతుకూర్చున్నవాడికి ఆ దిండు ఎలా కనపడుతుందో కూర్చోబెట్టి చెప్పాల్సిన పని లేదు.

పోటీకి ఉన్నది ఎవరో కాదు, సొంత తోడల్లుడు. పెళ్లాం చెల్లెలి మొగుడు. మందుల షాపు. అతనూ దేవుడి గురించి సాక్ష్యం చెప్పేవాడే. జ్వరానికి మాత్ర ఇస్తే కరపత్రంలో చుట్టి ఇచ్చేవాడు. మాత్ర అన్నానికి ముందు వేసుకోవాలో తర్వాత వేసుకోవాలో చెప్పేవాడు కాదు, చచ్చాక ఎక్కడికి పోతావో మాత్రం వివరంగా చెప్పేవాడు. రోగంతో వచ్చినవాళ్లు అది విని ఇంకో రకం మాత్ర కూడా కొనుక్కుపోయేవాళ్లు.

పాస్టరుగారికి ఇద్దరూ కావలసినవాళ్లే. ఎవరినీ నొప్పించడం ఆయనకు చేతకాదు. అందుకని వరద నుంచి బయటపడినందుకు కృతజ్ఞత కూడిక పెడుతున్నామని, ఎవరు ఎవరికి సాక్ష్యం చెప్పారో వాళ్లను వెంటబెట్టుకు రావాలని ప్రకటించాడు. కుర్చీ మాట పైకి అనలేదు. అనకపోయినా ఎర్ర దిండు మీద దుమ్ము దులిపించాడు.

మెకానిక్ లేచి, మా వీధంతా వస్తుందండీ అన్నాడు.

ఆ మాట విన్న పెళ్లాం అతని వెనకే ఇంటికొచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ అడిగింది, నిజంగా వస్తారనే అనుకుంటున్నారా అని. కళ్లారా చూశాను, అందరూ ఆమెన్ అంటున్నారు అన్నాడు.

"వాళ్లు ఆమెన్ అన్నది మీకూ కాదు, దేవుడికీ కాదు. మోటారుకి," అంది ఆవిడ.

ఆవిడకు ఈ సంగతి దర్జీ షాపులో తెలిసింది. జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్లి కర్రబల్ల మీద కూర్చుంటే, తెరకు అవతల దర్జీ, పక్కింటి ఇస్త్రీ ఆయనకు పాఠం చెప్తున్నాడు. మొదటి మాటకే ఆమెన్ అనెయ్యకు, అనుమానం వస్తుంది. మనిషి కూడా ఇలాంటివాడే అన్నప్పుడు ఒక నిట్టూర్పు వదులు. బురద దగ్గర తల దించు. కరెంటు పైనుంచి అన్నాడూ, అప్పుడను ఆమెన్. జీవజలం దాకా పోనిచ్చావంటే నీదే తప్పు. ఇస్త్రీ ఆయన, కళ్లు తుడుచుకోనా అని అడిగాడట. తుడుచుకుంటే పైపు కూడా మార్చి పోతాడు అన్నాడట దర్జీ.

పెళ్లాం ఇదంతా చెప్తే మెకానిక్ నవ్వి ఊరుకున్నాడు. ఎగతాళి చేసేవాళ్లు ఏ కాలంలోనైనా ఉంటారన్నాడు. మర్నాడు ఇస్త్రీ ఆయన ఇంటికి వెళ్లి మోటారు విప్పాడు. మనిషి కూడా ఇలాంటివాడే అనగానే ఇస్త్రీ ఆయన, పెట్టెలో బొగ్గులు ఊదినంత గట్టిగా నిట్టూర్చాడు. బురద దగ్గర తల దించాడు. కరెంటు దగ్గర ఆమెన్ అన్నాడు. అని, కండువా కొసతో కళ్లు కూడా తుడుచుకున్నాడు. మెకానిక్ గుండెలో ఏదో చిన్న బోల్టు వదులైనట్టు అయింది. ఆ బోల్టు ఎక్కడిదో చూడదలుచుకోలేదు. దర్జీ నేర్పిన దారిలోంచి కూడా దేవుడు రాగలడు కదా అని సర్దిచెప్పుకున్నాడు. పైపు కూడా మార్చి వచ్చాడు.

చివరిదాకా తల ఊపనిది వీధిలో ఒక్క నర్సమ్మే.

ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. మేడ మీద రెండు గదుల్లో తనూ, మంచం పట్టిన అక్కా ఉంటారు. అక్కకు ఒక పక్క పడిపోయింది. తిప్పాలన్నా కడగాలన్నా చెల్లెలే. రోజూ దుప్పట్లు ఉతకాలి. నీళ్లు లేకపోతే ఆ ఇల్లు ఒక్క పూట గడవదు. వరద వచ్చినప్పటినుంచి ఆవిడ వీధి మొగలో ఉన్న చేతిపంపు దగ్గర బకెట్టు నింపుకుని, నొప్పి మోకాలితో మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి మోసుకుపోతోంది.

మెకానిక్ వెళ్లి గూట్లోంచి మోటారు లాగి, విప్పి, గోనెసంచి మీద పరిచాడు. నర్సమ్మ బకెట్టు మెట్టు మీద పెట్టి, ఆయాసం తీర్చుకుంటూ చూసింది. అతను చేతులు తుడుచుకుని మొదలుపెట్టబోయాడు. ఆవిడ చెయ్యి ఎత్తింది.

"బాబూ, నా ఉద్యోగమంతా ఆపరేషన్ గదిలోనే గడిచింది. కడుపు కోసి తెరిచిపెట్టి, రోగితో కబుర్లు పెట్టుకున్న డాక్టర్ని ఒక్కణ్ణీ చూడలేదు. ఏదైనా చెప్పాలంటే కుట్లు వేశాక చెప్తారు."

ఇది దేవుడి మాట నర్సమ్మగారూ అన్నాడు అతను.

"దేవుడికీ నాకూ పాత పరిచయమే. మా ఇద్దరి మధ్య నువ్వెందుకు, పైపులాగా. కుట్లు వెయ్యి, తర్వాత వింటాను."

మెకానిక్ మొహం మాడిపోయింది. ముక్కలన్నీ సంచిలో వేసుకుని, లోపల తీగ మొత్తం కాలిపోయిందనీ, కొత్త రాగి తీగ చుట్టాలనీ, అది తన దగ్గర లేదనీ, తెప్పించాలనీ చెప్పి, మోటారు షాపుకు మోసుకుపోయాడు. తీగ కాలిన మాట నిజమే. తన దగ్గర లేదన్నది అబద్ధం. మేకుకు తగిలించిన తీగ చుట్ట షాపులోకి ఎవరొచ్చినా ముందు కనపడేది.

నర్సమ్మ మోటారు బల్ల కింద చేరింది. మిగతావన్నీ ఒక్కొక్కటే బల్ల ఎక్కి, బాగుపడి, ఇళ్లకు పోయాయి. ఆవిడ అడపాదడపా వచ్చి అడిగేది. తీగ ఇంకా రాలేదమ్మా అనేవాడు. ఒకరోజు దర్జీ మోటారుకు నిగనిగలాడే కొత్త తీగ చుడుతూ ఉండగా వచ్చి నిలబడింది. ఆ తీగ వంక చూసింది. అది వేరే సైజు అన్నాడు మెకానిక్, తల ఎత్తకుండా. ఊఁ అంది నర్సమ్మ. ఆ ఒక్క ఊఁకి అతని చేతిలో చుట్టు తప్పింది. విప్పి మళ్లీ మొదట్నుంచీ చుట్టుకోవాల్సి వచ్చింది.

ఆవిడ మీద అతనికి పగ లేదు. రోజూ ఆవిడ కోసం ప్రార్థన కూడా చేసేవాడు. మనసు గట్టిది, మెత్తబడాలి, కొన్నాళ్లు నీళ్లు మోస్తే అదే మెత్తబడుతుంది అనుకునేవాడు. బకెట్టుతో మెట్లెక్కుతున్న మనిషిని కిటికీలోంచి చూస్తూ, ప్రభువా ఈమెను తాకు అని అడిగేవాడు. తాకాల్సింది తనేనని, అదీ పానాతోనని, అతనికి తట్టలేదు.

కూడికకు ముందురోజు ఇల్లిల్లూ తిరిగి పిలిచాడు. ఎవరూ రామనలేదు. దర్జీ అయితే తనకు ముందు వరసలో చోటు ఉంచమన్నాడు. ఇస్త్రీ ఆయన ఇంటిల్లిపాదీ వస్తామని, ఆ పూటకు బట్టలు తనే ఇస్త్రీ చేసుకుంటానని చెప్పాడు. మెకానిక్ పొంగిపోయాడు. వీధి వీధంతా వస్తే హాల్లో బల్లలు చాలవు. బడికి వెళ్లి పంతులుగారిని బతిమాలి, పిల్లల బెంచీలు అడిగి, తన తోపుడు బండి మీద విడతలు విడతలుగా తోసుకొచ్చి హాల్లో వేశాడు. సోమవారం బడి గంట కొట్టేలోపు తిరిగి చేర్చాలని పంతులుగారు షరతు పెట్టాడు.

బెంచీలు వేసి ఇంటికొచ్చాక పెళ్లాం అడిగింది, మోటార్లన్నీ తిరుగుతున్నాయా అని. నర్సమ్మది తప్ప అన్నీ తిరుగుతున్నాయి అన్నాడు గర్వంగా.

"తొందరపడ్డారు. ఆదివారం అయ్యేదాకా ఒక నాలుగైనా విప్పి ఉంచుకోవాల్సింది," అంది.

ఆదివారం హాలు కడిగినట్టుంది. మెకానిక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సంఘంవాళ్లు వచ్చి వాళ్ల వాళ్ల చోట్లలో కూర్చున్నారు. తోడల్లుడు ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఒకడు షాపులో పెట్టెలు సర్దేవాడు, రాకపోతే పని పోతుంది. రెండోవాడు దగ్గు ఆయన. మందు పనిచెయ్యలేదని చెప్పడానికి ఉదయం షాపుకు వెళ్తే, పద చెప్తానని చెయ్యి పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చాడు. ఇద్దరైనా ఇద్దరే. పిల్లల బెంచీలు మాత్రం గోడ పక్కన ఖాళీగా, బుద్ధిగా, వరసగా ఉన్నాయి.

పాస్టరుగారు ఒక పాట పాడించాడు. ఎవరూ రాలేదు. ఇంకో పాట ఎత్తుకున్నాడు. అదీ అయిపోయింది. ఆ పాటలోని చరణాలన్నీ, మామూలుగా వదిలేసేవాటితో సహా, పాడించాడు. మెకానిక్ గుమ్మం వదిలి కిటికీ దగ్గరకు వచ్చాడు. పాట ఆగింది. అప్పుడు వినపడింది అతనికి.

వీధి పొడుగునా మోటార్లు తిరుగుతున్నాయి. ఆదివారం పూట జనం తీరిగ్గా బట్టలు ఉతుక్కుంటున్నారు, గచ్చులు కడుక్కుంటున్నారు, తలంట్లు పోసుకుంటున్నారు. కొంచెం సన్నంగా ఈలవేసినట్టు వినిపించేది దర్జీది. బరువుగా, గురక పెడుతున్నట్టు తిరిగేది ఇస్త్రీ ఆయనది. మూలింటిది, దాని ఎదురింటిది, సందులోది, ఒక్కొక్కటే గుర్తుపట్టాడు. అన్నీ తన చేతి మీదుగా బాగుపడినవే. ఏ ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు. చక్కగా, ఒద్దికగా, పాట పాడినట్టు తిరుగుతున్నాయి. మనుషులు రాలేదు గానీ మోటార్లన్నీ కలిసి ఆరాధనకు హాజరైనట్టే ఉంది. ఎక్కడో టాంకు నిండి పొర్లి, నీళ్లు ధారగా కింద పడుతున్నాయి. ఆ మోటారు ఆపే తీరిక కూడా లేదు వాళ్లకు.

అన్నయ్యా, వీధి ఇంకా బయల్దేరలేదా అని అడిగాడు తోడల్లుడు, ఎంతో అమాయకంగా. దగ్గు ఆయన నవ్వబోయి దగ్గాడు.

అప్పుడు గుమ్మంలోకి నర్సమ్మ వచ్చింది. చేతిలో ఖాళీ బకెట్టు. అది గుమ్మం పక్కన పెట్టి, కుంటుకుంటూ లోపలికి వచ్చి, పిల్లల బెంచీల్లో మొదటిదాని మీద మోకాలు చాపుకుని కూర్చుంది. హాలంతా తలలు తిరిగాయి. మెకానిక్కు ఊపిరి వచ్చింది. అందరికంటే గట్టి మనసే మెత్తబడిందంటే అది పదిమందితో సమానం. పాస్టరుగారి మొహం విప్పారింది. అటు ఇద్దరు వచ్చినా ఇటు ఒక్కరే వచ్చినా, ఈ వచ్చిన ఒకరిని బట్టి ఆయన ఏదో ఒకటి తేల్చగలడు. ఆయన చేతులు జోడించి, అమ్మా, మిమ్మల్ని ఈ చోటికి నడిపించినదేమిటో రెండు మాటలు సాక్ష్యంగా చెప్పండి అన్నాడు.

నర్సమ్మ బెంచీ అంచు పట్టుకుని లేచింది.

"నన్ను నడిపించింది నా మోటారండీ. షాపుకు వెళ్తే తీగ రాలేదంటాడు ఈయన. ఇంటికి వెళ్తే ప్రార్థనలో ఉన్నాడంటారు. ఇక్కడైతే దొరుకుతాడని వచ్చాను."

ఆవిడ మెకానిక్ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. రోగికి మందు పేరు చెప్పినట్టు చెప్పింది.

"వీధిలో అందరికీ వచ్చిన తీగ నాకొక్కదానికే రాలేదు. అడిగితే దర్జీ చెప్పాడు, ఆమెన్ అనాలట. మా అక్క తడిసిన పక్కమీద పడుకుని ఉంది నాయనా. నాకు మోకాలు లేవట్లేదు. ఆమెన్. చాలా, ఇంకోసారి అనాలా?"

పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అది తుడవడం అయ్యాక మళ్లీ తుడిచాడు. ఎవరినీ నొప్పించలేని మనిషి గదా, మెల్లగా అడిగాడు, బ్రదర్, ఆ తీగ ఇంకా రాలేదా అని.

ఆ అడగడంలో ఒక తలుపు తెరిచి పెట్టాడాయన. రాలేదండీ, రేపు వస్తుంది అంటే సరిపోతుంది. షాపులో ఉన్న తీగ వేరే సైజు కాదనడానికి నర్సమ్మ దగ్గర రుజువేమీ లేదు. మెకానిక్కు అది తెలుసు. వేదిక మీద ఎర్ర దిండు కనపడుతోంది. కిటికీలోంచి మోటార్లు వినపడుతున్నాయి. అతను అన్నిటినీ విన్నాడు. ఆ వరసలో ఒక్క మోటారు చప్పుడు లేదు. ఆ ఒక్కటీ లేకపోవడం మిగతా వాటన్నిటికంటే గట్టిగా వినపడింది.

"తీగ ఉందండీ," అన్నాడు. "మొదట్నుంచీ ఉంది."

కుర్చీ సంగతి ఆ మాటతో తేలిపోయింది. పాస్టరుగారు ఆ కూడిక ముగిసేలోపే తోడల్లుణ్ణి వేదిక మీదికి పిలిచాడు. అతను వెళ్లి ఎర్ర దిండు మీద కూర్చున్నాడు. కూర్చుని, అలవాటు చొప్పున జేబులోంచి కరపత్రాలు తీసి, పక్క కుర్చీలో ఉన్న పెద్దాయనకు ఒకటి ఇచ్చాడు. ఆ పెద్దాయన నలభై ఏళ్లనుంచి సంఘంలో ఉన్నవాడు. ఏం చెయ్యాలో తోచక మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మెకానిక్ అది చూడలేదు. అప్పటికే షాపు తెరిచాడు. బల్ల కిందనుంచి మోటారు లాగి, కాలిన తీగ కోసి, తీగ కూర్చునే గాడులు గీకి, కొత్త తీగ చుట్టడం మొదలుపెట్టాడు. పెళ్లాం వెనకే వచ్చింది. నాలుగు మాటలు అంటుందని అతను చూశాడు. ఆవిడ మేకు మీదనుంచి తీగ చుట్ట తీసి చేతికి అందించి, పక్కన కూర్చుని, చిక్కు పడకుండా తీగ వదులుతూ ఉంది. సాయంత్రానికి చుట్టడం అయింది. వార్నిష్ పూసి, ఆరడానికి బల్బు కింద పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే తోపుడు బండి తీసుకుని హాలుకు వెళ్లి, బడి బెంచీలు ఎన్ని పడితే అన్ని ఎత్తి, షాపు దగ్గర ఆగి వాటి మీద నర్సమ్మ మోటారు పెట్టి, వీధిలోంచి తోసుకుంటూ బయల్దేరాడు. ఖాళీ బెంచీలు రాళ్ల మీద దడదడలాడుతూ ఊరేగింపులా వెళ్తుంటే గుమ్మాల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లోపలికి జారుకున్నారు. దర్జీకి మాత్రం జారుకునే వ్యవధి దొరకలేదు. నిన్న బయల్దేరానండీ బ్రదర్, గుమ్మం దాటేసరికి కడుపులో మెలి తిప్పింది అన్నాడు. పక్కనుంచి ఇస్త్రీ ఆయన, అతన్ని చూసుకోవడానికే తనూ ఆగిపోయానన్నాడు. మెకానిక్ ఇద్దర్నీ చూసి, దర్జీతో, నీ బేరింగులో కొంచెం గ్రీజు వెయ్యాలి, ఈల వేస్తోంది అని చెప్పి బండి తోసుకుపోయాడు.

నర్సమ్మ ఇంటి మెట్ల కింద మోటారు దించి, గూట్లో కూర్చోబెట్టి, బోల్టులు బిగించి, పైపు తగిలించి, మోటారు నోట్లో నీళ్లు పోసి, స్విచ్చి వేశాడు. మోటారు గొంతు సవరించుకున్నట్టు ఒకసారి గరగరలాడి అందుకుంది. కాసేపటికి పైన టాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు వచ్చింది. ఆ తర్వాత కొళాయి తిప్పిన చప్పుడు. ఆ తర్వాత పైనుంచి ఇంకో ముసలి గొంతు, సగం నోటితో, వచ్చాయా అని అడగడం వినపడింది.

ఇన్నాళ్లూ బకెట్టు మోసుకు ఎక్కిన మెట్ల మీదుగా నర్సమ్మ గ్లాసుతో నీళ్లు పట్టుకుని దిగింది. అతనికి ఇచ్చి, కింది మెట్టు మీద కూర్చుంది.

"కుట్లు వేశావుగా. ఇప్పుడు చెప్పు, వింటాను."

మెకానిక్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. మనిషి కూడా ఇలాంటివాడే అనబోయి మోటారు వంక చూశాడు. మూత బిగించి ఉంది. చూపించడానికి బురద లేదు, పరచడానికి ముక్కలు లేవు. అది తన పాటికి తను తిరుగుతోంది. ఉపన్యాసం మొత్తంలో ఒక్క మాటా నాలుక మీదికి రాలేదు. వీధంతా తిరిగి వినేవాళ్లను పట్టి కూర్చోబెట్టినవాడికి, లేచి పోయే వీలుండి కూడా కూర్చున్న మనిషి ఎదురైతే, నోరు ఎండిపోయింది. నీళ్లు తాగాడు. గ్లాసు మెట్టు మీద పెట్టి, కుడిచెయ్యి ముందుకు చాపాడు.

"ఒకప్పుడు ఈ చెయ్యి వణికేదమ్మా. పొద్దున్నే తాగకపోతే పానా పట్టుకునేవాణ్ణి కాదు."

నర్సమ్మ ఆ చేతిని పట్టుకుని, నాడి చూసేదానిలా తిప్పి చూసింది. ఎన్నాళ్లయింది ఆగి అని అడిగింది. పెళ్లయిన కొత్తలో అన్నాడు. ఎలా ఆగిందని ఆవిడ అడిగింది. అతను చెప్పాడు. పొడుగ్గా ఏమీ చెప్పలేదు. చెప్పేది అంతే ఉంది. మధ్యలో ఆవిడ ఆమెన్ అనలేదు. అయ్యాక కూడా అనలేదు. అక్కకు పక్క మార్చాలి, లేస్తాను, ఈసారి వచ్చినప్పుడు మిగతాది చెప్పు అంది.

అతను బండి తోసుకుని బడికి వెళ్లేసరికి గంట కొట్టేశారు. పిల్లలు వరసగా నిలబడి పాఠం వింటున్నారు, కొందరు ఒంటికాలి మీద. పంతులుగారు బల్ల మీద బెత్తం పెట్టి, మీ కూడిక బాగా జరిగిందా, మా బెంచీలు సరిపోయాయా అని అడిగాడు. ఒక్కరు కూర్చున్నారండీ అన్నాడు మెకానిక్. ఆ ఒక్కరికీ ఏం చెప్పావు అన్నాడు పంతులుగారు, ఊరికే నవ్వుతాలుకి.

"ఆవిడే చెప్పింది," అని, మెకానిక్ బెంచీలు ఒక్కొక్కటే దించి పిల్లల వెనక వేసి, మిగతావి తేవడానికి ఖాళీ బండి తోసుకుంటూ వెళ్లాడు.